మొలల బాధ: తెలుసుకోవలసినది, ఇంట్లో చేసుకోదగినది, ఆసుపత్రికి వెళ్ళవలసిన వేళ

విశాఖ గాజువాకలో ఉండే మా మావయ్యగారు ఎనిమిది నెలలపాటు మలంతోపాటు రక్తం పోతున్నా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భోజనానికి కూర్చునేటప్పుడు తువ్వాలు నాలుగు మడతలు వేసి కుర్చీ మీద పరుచుకోవడం, స్నానాల గదిలో అరగంట గడపడం మా అత్తయ్యగారు గమనించినా, అడగడానికి ఆవిడకూ మొహమాటమే అడ్డు వచ్చింది. చివరికి రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చి నిలబడిపోతే గుండె జబ్బేమోనని పరీక్షలు చేయించాము. తీరా చూస్తే రక్తం పోయిపోయి రక్తహీనత వచ్చింది, హిమోగ్లోబిన్ 7 గ్రాములకు పడిపోయింది. మొదటి వారంలోనే నోరు విప్పి ఉంటే ఆ ఎనిమిది నెలల యాతన తప్పేది కదా అన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

మొలలు బయటినుంచి వచ్చిపడే జబ్బు కాదు. మలద్వారం లోపలి గోడకు రక్తనాళాలతో నిండిన మెత్తటి దిండ్ల వంటి కణజాలం పుట్టుకతోనే అందరికీ ఉంటుంది; గాలీ, పలుచని మలమూ మన అదుపు తప్పి జారిపోకుండా ద్వారాన్ని బిగువుగా మూసి ఉంచడంలో దానికీ పాత్ర ఉంది. గట్టిపడిన మలాన్ని బయటికి నెట్టడానికి రోజూ ముక్కడం, చాలాసేపు కమోడ్ మీద కూర్చోవడం, గర్భం, ఎడతెగని విరేచనాలు, పైబడే వయసు వంటి కారణాలవల్ల ఆ దిండ్లు రక్తంతో ఉబ్బి, వాటిని పట్టి ఉంచే కణజాలం సడలి, కిందికి జారినప్పుడే వాటిని మొలలని పిలుస్తున్నాము. కోడిమాంసం తింటే వేడి చేసి మొలలు వస్తాయన్న మాట మన వైపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది కాని, తప్పు మాంసంలో లేదు; కూర, ఆకు, పప్పు ఏదీ లేకుండా తెల్లన్నమూ మాంసమూ మాత్రమే తినడంలో ఉంది.

మలద్వారానికి సుమారు 2 సెంటీమీటర్ల లోపల ఒక సరిహద్దు ఉంటుంది. దానికి పైన నొప్పిని తెలిపే నరాలు లేవు కనుక లోపలి మొలలు సాధారణంగా నొప్పి పెట్టవు. మలవిసర్జన చివర ఎర్రటి తాజా రక్తం చుక్కలుగానో చిమ్మినట్లుగానో పడడమే వాటి గుర్తు. మొదటి దశలో అవి లోపలే ఉంటాయి, రెండో దశలో ముక్కినప్పుడు బయటికి వచ్చి వాటంతట అవే వెనక్కు పోతాయి, మూడో దశలో వేలితో లోపలికి నెట్టవలసి వస్తుంది, నాలుగో దశలో నెట్టినా పోవు. సరిహద్దుకు కింద ఉండే బయటి మొలల సంగతి వేరు. వాటిలో రక్తం గడ్డకడితే ఉన్నట్టుండి నల్లద్రాక్ష పండంత నీలపు గడ్డ లేచి కూర్చోనివ్వని నొప్పి పెడుతుంది. ఆ నొప్పి మొదటి రెండు మూడు రోజుల్లో హెచ్చుగా ఉండి తరవాత తగ్గుతుంది; 72 గంటలలోపు సర్జన్ దగ్గరకు వెళితే మత్తుసూది ఇచ్చి గడ్డను తీసేయగలుగుతారు, ఆ గడువు దాటితే సాధారణంగా దానంతట అది కరిగేవరకు ఓపిక పట్టడమే మేలు.

మలం వస్తున్నప్పుడు బ్లేడుతో కోసినట్లు ఉండి, తరవాత గంటసేపు మంట తగ్గకపోతే అది ఎక్కువగా మొల కాదు, ఫిషర్ అనే చీలిక. మలద్వారం పక్కన వాపు, జ్వరం, పోటు కలిసి ఉంటే చీముగడ్డ కావచ్చు. దానికి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మూడింటినీ కలిపి పైల్స్ అనేసి ఒకే పూతమందు రాసుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

ఇక ఉపశమనం గురించి. మలాన్ని మెత్తబరచకుండా రాసే ఏ పూతా నిలవదు. పెద్దవారికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. పాలిష్ పట్టిన తెల్లబియ్యం 100 గ్రాములలో పీచు 3 గ్రాములలోపే ఉంటుంది. అదే తూకం చోళ్ళలో (రాగులలో) సుమారు 11, పొట్టు తీయని పెసలలో సుమారు 16 గ్రాములు ఉంటుంది. అందుచేత కొత్త ఆహారం కొనుక్కోనక్కరలేదు, మన అమ్మమ్మలు తాగిన చోడి అంబలికి, నానబెట్టి రుబ్బిన పొట్టు పెసల అట్టుకు మళ్ళీ తిరిగితే చాలా వరకు సరిపోతుంది. ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో పొద్దున్నే దొరికే తోటకూర, ఆనపకాయ, బీరకాయ, గోరుచిక్కుడు, జామకాయ ఇవన్నీ ఈ జబ్బుకు మందులే. అన్నం కొంత తగ్గించి, అన్నానికి సరిసమానంగా కూర వేసుకోవడం అలవాటు చేసుకోవాలి. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది కనుక రెండు వారాల వ్యవధిలో మెల్లగా పెంచాలి. కారం మొలలను పుట్టించదు. అయితే పుండుగానో చీలికగానో ఉన్న రోజుల్లో మంటను పెంచుతుంది కాబట్టి అప్పటికి ఆవకాయను పక్కన పెట్టడం మంచిది.

ఆహారంతో చాలకపోతే ఇసబ్‌గోల్ పొట్టు వాడవచ్చు. ఒక పెద్ద గ్లాసు నీళ్ళలో ఒకటి రెండు చెంచాలు కలిపి వెంటనే తాగేయాలి, దాని వెనుక మరో గ్లాసు నీళ్ళు తాగాలి. మా మావయ్యగారు మొదటి రోజు కలిపి పెట్టి పేపరు చదువుతూ మరిచిపోయారు. కొద్ది నిమిషాలకే గ్లాసులోది చిక్కటి జావలా మారి చెంచా నిలబడింది. నీళ్ళు చాలకపోతే కడుపులోనూ అదే జరిగి మలం ఇంకా గట్టిపడుతుంది. పొడిపొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. ఫలితం కనబడడానికి రెండు మూడు రోజులు పడుతుంది, రక్తం తగ్గడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

విశాఖ ఉక్కపోతలో నీటి విషయం వేరుగా చెప్పవలసిందే. ఉక్కు కర్మాగారంలోనో, ఓడరేవులోనో, చేపల రేవులోనో ఎండన పనిచేసేవారి ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది, అప్పుడు పేగు మలంలోని నీటిని మరింత పీల్చుకుంటుంది. డ్యూటీలో లేచి వెళ్ళడం కుదరదని నీళ్ళు తాగకుండా ఉండేవారిని నేను చాలామందిని చూశాను. మూత్రం లేత పసుపుగా ఉండేంత నీరు, మజ్జిగ తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగవచ్చో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మరుగుదొడ్డిలోకి ఫోను తీసుకువెళ్ళకూడదు. అయిదు నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేసి, మళ్ళీ పిలుపు వచ్చినప్పుడు వెళ్ళాలి. పిలుపు వచ్చినప్పుడు మాత్రం ఆపుకోకూడదు. అపార్టుమెంట్లలో అందరికీ కమోడ్లే వచ్చాయి కనుక, పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని కాస్త ముందుకు వంగితే మలం వచ్చే దారి తిన్ననై ముక్కే అవసరం తగ్గుతుంది.

నొప్పి, దురద, వాపు ఉన్న రోజుల్లో గోరువెచ్చని నీళ్ళలో కూర్చోవడమంత హాయినిచ్చేది మరొకటి లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ బేసినులో నాలుగైదు అంగుళాల నీళ్ళు పోసి, పసిపిల్లకు స్నానం చేయించేముందు చూసినట్లు మోచేతితో వేడి చూసుకుని, పిరుదులు మునిగేలా 10 నుంచి 15 నిమిషాలు కూర్చోవాలి. రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా మలవిసర్జన తరవాత ఇలా చేస్తే బిగుసుకున్న కండరం సడలుతుంది. ఆ నీళ్ళలో డెట్టాల్ గాని సబ్బు గాని కలపవద్దు, అవి చర్మాన్ని మండిస్తాయి. తరవాత మెత్తని గుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. నేల మీద బేసినులోంచి లేవడం కష్టమయ్యే పెద్దవారికి కమోడ్ మీద అమరే టబ్బులు మందుల దుకాణాల్లో, శస్త్రచికిత్స సామాను అమ్మే చోట్ల దొరుకుతాయి. వాపు మీద గుడ్డలో చుట్టిన ఐసును పది నిమిషాలు ఉంచవచ్చు. మత్తునిచ్చే లిగ్నోకెయిన్ పూతలు కొద్దిరోజులకు పనికివస్తాయి కాని, స్టెరాయిడ్ కలిసిన పూతను డాక్టరు చెప్పకుండా వారం దాటి వాడితే అక్కడి చర్మం పలచబడుతుంది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచవచ్చు. గర్భిణులు పీచు, నీరు, గోరువెచ్చని నీటితోనే మొదలుపెట్టి, ఏ మందైనా తమ డాక్టరమ్మను అడిగే వాడాలి.

రక్తం కనబడిన ప్రతిసారీ అది మొలేనని ఎవరూ తమంతట తాము తేల్చుకోకూడదు. వయసు 45 దాటినవారికి, మలం నల్లగా తారులా వస్తున్నవారికి, బరువు తగ్గుతున్నవారికి, మలవిసర్జన అలవాటు కొన్ని వారాలుగా మారినవారికి, రక్తహీనత ఉన్నవారికి, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారికి కొలొనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) వంటి పరీక్షలు అవసరమవుతాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు వాటిని తామే ఆపేయకుండా డాక్టరుకు చెప్పాలి. రక్తం ఆగకుండా పోతూ కళ్ళు తిరుగుతుంటే అత్యవసర విభాగానికే వెళ్ళాలి. మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌లో సర్జరీ ఓపీ ఉంది. అక్కడి వైద్యులకు ఇది రోజూ చూసే జబ్బు, మీ సిగ్గు వారికి కొత్త కాదు. పరీక్ష పక్కకు తిరిగి పడుకోబెట్టి చేస్తారు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

ఆపరేషన్ లేకుండా ఒక్క సూదితో మాయం చేస్తామని కరెంటు స్తంభాలకు అంటించే కాగితాలను నమ్మవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. మావయ్యగారు అలాంటి ఒక చోటికి రహస్యంగా వెళ్ళి ఏ మందో తెలియని సూది వేయించుకుంటే అక్కడ పుండుపడింది. అర్హత గల సర్జన్లు మొలకు మందు ఎక్కించి ఎండబెట్టే పద్ధతి నిజంగానే ఉంది, అయితే ఏ మందు, ఎంత, ఎక్కడ అన్నది తెలిసినవారి చేతిలోనే అది చికిత్స అవుతుంది. మొదటి మూడు దశల్లో మొల మొదట్లో రబ్బరు బ్యాండు బిగించి రక్తం అందకుండా చేయడం ఎక్కువగా వాడే పద్ధతి. నరాలు లేని చోట వేస్తారు కనుక మత్తు అక్కరలేదు, అదే రోజు ఇంటికి రావచ్చు. అయిదు నుంచి పది రోజుల్లో మొల ఎండి రాలిపోతుంది, అప్పుడు కొద్దిగా రక్తం రావడం మామూలే. ఎక్కువగా వచ్చినా, జ్వరం వచ్చినా, మూత్రం బిగిసినా వెంటనే వెళ్ళి చూపించుకోవాలి. మొలలు బాగా పెద్దవై, నాలుగో దశకు చేరితే సాధారణంగా ఆపరేషన్ చేస్తారు.

మావయ్యగారికి కొలొనోస్కోపీలో ఇంకే లోపమూ కనబడలేదు. పుండు మానాక రెండు విడతలుగా బ్యాండ్లు వేశారు, రక్తహీనతకు మూడు నెలలు ఐరన్ మాత్రలు రాశారు. ఆ మాత్రలు మలాన్ని నల్లబరుస్తాయి, గట్టిపరుస్తాయి కూడా. అందుకే అవి వాడినన్నాళ్ళూ రాత్రి ఇసబ్‌గోల్ ఆపవద్దని సర్జన్ గారు చీటీ మీద అడుగున గీత గీసి మరీ రాసిచ్చారు.