కారు డేటా చదువుదాం – 4: బండి టైమా, సర్వర్ టైమా?

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చాలామంది దగ్గర బోల్తా కొట్టింది. అది తేలాకే క్లౌడ్, అంటే కారు డేటా వెళ్లి చేరే దూరపు సర్వర్ల సంగతి.

ఇంజను ఆర్పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత అని ఓబీడీ పోర్టులో (మెకానిక్ యంత్రం తగిలించే సాకెట్) అడిగితే కారు ఇచ్చిన జవాబు: 41 0సి 1ఏ ఎఫ్8. ఇందులో ఒక్కో జంట ఒక బైటు, హెక్సా (పదహారు ఆధారంగా రాసే) అంకె. మొదటి రెండు బైట్లూ ఇది ఆర్పీఎమ్‌కి జవాబు అని మాత్రమే చెప్తాయి, వాటిని అందరూ సరిగ్గానే వదిలేశారు. 1ఏ అంటే 26, ఎఫ్8 అంటే 248. ఈ రెండూ కూడేసి, నాలుగుతో భాగించి 68.5 అని పంపినవాళ్లే ఎక్కువ. పెట్రోలు ఇంజను ఊరికే ఆన్‌లో ఉన్నా ఏడెనిమిది వందలు తిరుగుతుంది. 68 దగ్గర ఎప్పుడో ఆగిపోతుంది. ముందున్న బైటుని 256తో గుణించాలి: 6656. దానికి 248 కలిపి నాలుగుతో భాగిస్తే 1726. హెక్సా లెక్కలు చేత్తోనే చేయాలని నేను పట్టుబట్టను, కంప్యూటర్ కాలిక్యులేటర్లో ప్రోగ్రామర్ మోడ్ ఉంది. వచ్చిన అంకె బండికి నప్పుతుందో లేదో చూడటం మాత్రం మీ పనే.

ఇక క్లౌడ్. మన దగ్గర 2019లో వచ్చిన వెన్యూ, హెక్టర్ లాంటి కార్లలో ఈసిమ్ (లోపలే అమర్చిన సిమ్) ఉంటుంది. టెలిమాటిక్స్ యూనిట్ (కారు డేటా బయటికి పంపే పెట్టె) దాని మీదుగా డేటా పంపుతుంది. ఇందుకు కార్ల కంపెనీలు బాగా వాడే పద్ధతి ఎంక్యూటీటీ, చిన్న చిన్న సందేశాలు పంపే ఏర్పాటు. 1999లో చమురు పైపులైన్లని శాటిలైట్ లింకు మీద గమనించడానికి పుట్టింది కనక సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నా నెట్టుకొస్తుంది. సర్వర్లు, స్టోరేజీ మీకు తెలిసినవే.

నాకు ఒళ్లుమండేది ఒక్కచోట: టైమ్ కాలమ్. ప్రతి వరసలో రెండు టైములుంటాయి, కారులో ఆ సంగతి జరిగిన టైము, సర్వర్‌కి చేరిన టైము. రాత్రి 9:40కి సెల్లార్‌లోకి దిగుతుండగా ఇంజను వేడెక్కి ఒక ఫాల్ట్ కోడ్ (లోపాన్ని తెలిపే గుర్తు) పడిందనుకోండి. అక్కడ సిగ్నల్ లేదు. యూనిట్ దాన్ని దాచుకుని, పొద్దున 7:10కి బండి బయటికొచ్చాక పంపుతుంది. సర్వర్ టైము పట్టుకున్నారా, అపార్ట్‌మెంట్ కార్లన్నిటికీ పొద్దున్నే, చల్లటి ఇంజనుతో స్టార్ట్ చేయగానే రోగం వస్తున్నట్టు కనిపిస్తుంది. ఇంజనీర్లు కోల్డ్ స్టార్ట్ సాఫ్ట్‌వేర్ తవ్వుతూ కూర్చుంటారు. అసలు లోపం కూలింగ్ ఫ్యాన్‌లో ఉండొచ్చు. నల్లమల ఘాట్‌లో వెళ్లే బండిదీ ఇదే కథ: మలుపుల్లో వేసిన బ్రేకులన్నీ అడవి దాటాక ఒకే నిమిషంలో వేసినట్టు పడతాయి. పైగా టైములు సాధారణంగా యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) ఉంటాయి, అయిదున్నర గంటలు కలపడం మరిచిపోతే రాత్రి 9:40 కాస్తా సాయంత్రం 4:10 అవుతుంది. నేనైతే సర్వర్ టైము కాలమ్‌ని చివరికి జరిపేస్తాను, ఆలస్యం లెక్కకి తప్ప ముట్టుకోను.

అభ్యాసం: బండి టైము 16:10, సర్వర్ టైము మర్నాడు 01:40, రెండూ యూటీసీ. డేటా 41 05 7బి, అంటే కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత. ఆఖరి బైటులోంచి 40 తీసేయాలి. ఉష్ణోగ్రత, మన టైము, ఆలస్యం మూడూ చెప్పండి. తర్వాత ఇలాంటివే రెండొందల వరసలు ఎక్సెల్‌లో తయారుచేసి, మూడోవంతు ఆలస్యంగా చేరినట్టు పెట్టండి. గంటవారీ సగటు వేడి ఒకసారి బండి టైముతో, ఇంకోసారి సర్వర్ టైముతో గీసి, రెండు గ్రాఫులూ పంపండి.