పారా లీగల్‌గా భరణం కేసు ఫైలు ఎలా తయారు చేయాలి?

స్వచ్ఛంద సంస్థలు నడిపే న్యాయ సహాయ కేంద్రాలకు వచ్చేవాళ్లలో చాలామంది భర్త నుంచి విడిగా ఉంటూ, చేతిలో డబ్బు లేక వచ్చే ఆడవాళ్లే. లాయర్ కంటే ముందు వాళ్లతో మాట్లాడేది పారా లీగల్. కోర్టులో వాదించే హక్కు మనకు లేదు, అది లాయర్ పని. కానీ లాయర్ దేని మీద నిలబడి వాదించాలో ఆ ఫైలు తయారయ్యేది మన చేతుల్లోనే. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పేరు రాసుకునే ముందు

మొదట పాత రిజిస్టర్ చూడండి. ఆమె భర్తో అత్తగారో ఇదివరకే మీ ఆఫీసుకు వచ్చి సలహా తీసుకుని ఉంటే ఈ కేసు మీరు తీసుకోకూడదు. ఆ మాట మర్యాదగా చెప్పి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది, ఆదాయ పరిమితి లేదు. "నాకు చిన్న ఉద్యోగం ఉంది కదా, ఇస్తారా?" అని అడిగేవాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి. దారి తెలియనివాళ్లకు ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబర్ ఇవ్వండి.

ఒంటరిగా మాట్లాడండి

వెంట అన్నయ్యో, అమ్మో, ఊరి పెద్దమనిషో వస్తారు. వాళ్లను గౌరవంగా బయట కూర్చోబెట్టండి. "అక్కా, ఈ రాత్రి ఎక్కడ ఉంటారు? అక్కడ భయం లేదు కదా?" అన్నదే మొదటి ప్రశ్న. భయం ఉందంటే భరణం సంగతి కాసేపు పక్కన పెట్టి మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి, గృహహింస చట్టం కింద రక్షణ అధికారితో మాట్లాడించాలి. ఏ నంబర్‌కు, ఏ టైంలో ఫోన్ చేస్తే ఇబ్బంది ఉండదో అడిగి రాసుకోండి. ఆమె వాట్సాప్ భర్త కంప్యూటర్లో తెరిచి ఉండొచ్చు. అది తేలేదాకా ఒక్క మెసేజ్ కూడా పెట్టొద్దు.

తర్వాత ఆమెకు ఏం కావాలో అడగండి. విడాకులా, కలిసి బతకడమా, పిల్లల ఫీజులా, తన నగలా? ఆమె "నాకు విడాకులు వద్దు, ఖర్చులు ఇస్తే చాలు" అంటే ఆ మాటే ఫైలు మొదటి పేజీలో రాయాలి. ఆమె తరఫున నిర్ణయం తీసుకునే హక్కు మనకు లేదు.

తేదీల పట్టిక

నా దృష్టిలో పారా లీగల్ చేసే అతి ముఖ్యమైన పని ఇదే. మనవాళ్లు తేదీలు చెప్పరు. "బతుకమ్మకు పుట్టింటికి పోయినప్పుడు", "చిన్నోడికి మూడో నెలలో", "సంక్రాంతికి అల్లుడు రాలేదు చూడండి, ఆ ఏడాది" అంటారు. పాత క్యాలెండర్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆస్పత్రి చీటీలు ముందు పెట్టుకుని ఒక్కో సంఘటనను నెలకో వారానికో తీసుకురండి. కచ్చితమైన తేదీ తెలియకపోతే "2023 జనవరి రెండో వారంలో" అనే రాయండి. ఊహించి 14 అని వేస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి లాయర్ ఆమెను ప్రశ్నించేటప్పుడు) ఆ ఒక్క తేదీ పట్టుకుని ఆమె చెప్పినదంతా అబద్ధమని వాదిస్తారు.

పాత పిటిషన్ తీసి పేర్లు మార్చే అలవాటు అసలు వద్దు. అలా చేస్తే ప్రతి భర్తా అదే మొత్తం అదనపు కట్నం అడిగినట్టు, అదే విధంగా కొట్టినట్టు తయారవుతుంది. ఆమెను ఎప్పుడూ కొట్టకుండా, ఇంట్లో సరుకులు తేవడం మానేసి ఉంటే అదే రాయాలి. కేసుకు అది చాలా బలం.

కాగితాలు

పెళ్లి శుభలేఖ, ఫొటోలు, రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, స్కూల్ ఫీజు రసీదులు తీసుకోండి. ఇంటిపేరు దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. పిటిషన్‌లో రెండు పేర్లూ "అలియాస్" అని రాయించమని లాయర్‌కు గుర్తు చేయండి.

భర్త ఆదాయం చూపడమే కష్టం. ఉద్యోగి అయితే కంపెనీ పేరు, హోదా. రైతైతే పట్టాదారు పాసుబుక్కు, సర్వే నంబర్లు. వ్యాపారమైతే షాపు బోర్డు ఫొటో అయినా సరే. విదేశాల్లో ఉంటే పాస్‌పోర్ట్ కాపీ, అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా చివరి అడ్రస్, ఈమెయిల్ కావాలి. వాట్సాప్ మెసేజ్‌లకు స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోవద్దు, ఫోన్ అలాగే దాచమనండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయాల్సి ఉంటుంది.

అయితే అన్ని కాగితాలూ దొరికాకే కేసు వేద్దామని ఆగొద్దు. 2020 నవంబర్‌లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. మనం ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆమె పోగొట్టుకునే డబ్బే.

అఫిడవిట్

అదే తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయాలి. అద్దె, గ్యాస్, పాలు, మందులు, ఆటో ఖర్చు ఆమెతో కూర్చుని ఒక్కొక్కటే లెక్కవేయండి. పెంచి రాయొద్దు. ఆమె కుట్టుపని చేసి సంపాదించేది కూడా రాయాలి. కొంత సంపాదన ఉన్నంత మాత్రాన భరణం హక్కు పోదు, దాచితే మాత్రం నమ్మకం పోతుంది. గృహహింస కేసులో ఇప్పటికే ఏదైనా మొత్తం వస్తుంటే అదీ చెప్పి తీరాలి.

కేసు వేశాక

భరణానికి సంబంధించిన పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 స్థానంలో 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 144 వచ్చింది. ఆమె ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, భర్త ఊరికి వెళ్లనక్కర్లేదు. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, మధ్యంతర భరణం (కేసు తేలేదాకా ఇచ్చేది) తేల్చాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో వాయిదాలు పడతాయి. ఆ సంగతి ముందే చెబితే ఆమెకు టెన్షన్ తగ్గుతుంది. కేసుకు కోర్టు ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ రాసిచ్చి, ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా చూడటం నేర్పండి. ముందు రోజు ఫోన్ చేసి ఏ బస్సుకు రావాలో, పిల్లాడిని తెస్తే తినడానికి ఏం పెట్టుకోవాలో కూడా మాట్లాడండి.

ఆర్డర్‌లో డబ్బు పడాల్సిన అకౌంట్ ఆమె ఒక్కదాని పేరు మీదే ఉందో లేదో చూసుకోండి. జాయింట్ అకౌంట్ అయితే వెంటనే వేరే తెరిపించండి. ఆర్డర్ వచ్చాక ఫైలు మూసి బీరువాలో పెట్టొద్దు. భర్త డబ్బు కట్టకపోతే, ఆ మొత్తం కట్టాల్సిన రోజు నుంచి ఏడాది లోపు వసూలు కోసం దరఖాస్తు వేయాలి. కాబట్టి ప్రతి నెలా ఐదో తారీఖునో పదో తారీఖునో "అక్కా, పడిందా?" అని అడగడానికి డైరీలో గుర్తు పెట్టుకోండి, పడకపోతే అదే వారం లాయర్‌కు చెప్పండి.