పసుపు ఆయిల్ లైట్: సెన్సార్ కొనే ముందు చూడాల్సినవి

జర్మనీలో సెకండ్ హ్యాండ్ కారు కొన్న మనవాళ్ల దగ్గర్నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: "అన్నా, ఆయిల్ లైట్ వెలిగింది. షెడ్డులో సెన్సార్ పోయిందంటున్నారు, మార్పించేయనా?" నేను ముందు అడిగేది లైట్ ఏ రంగని.

ఎరుపైతే సెన్సార్ సంగతి తర్వాత. అది ఆయిల్ ప్రెషర్ లైట్. బండి పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. లెవెల్ బాగానే ఉన్నా మళ్లీ స్టార్ట్ చేయకుండా, రోడ్డు మీద ఆగిన బళ్లకు సాయం చేసే ఏడీఏసీ క్లబ్‌కి ఫోన్ కొట్టాలి. పసుపైతే అది లెవెల్ గొడవ, అంత టెన్షన్ అక్కర్లేదు. మన ఊళ్లో చిన్న కార్లకు చాలావాటికి లెవెల్ సెన్సారే ఉండదు, ప్రెషర్ స్విచ్ ఒక్కటే. అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

నేను చెప్పేది ఎక్కువగా పాత గోల్ఫ్, ఆక్టావియా లాంటి ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బళ్ల గురించి. వాటిలో చాలావాటికి పసుపు లైట్ నిలకడగా వెలిగితే ఆయిల్ తక్కువని, మినుకుమినుకుమంటే కొలిచే వ్యవస్థలోనే తేడా ఉందని అర్థం. మీ బండి పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

తర్వాత డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ. స్టుట్‌గార్ట్ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లో ఇంటి ముందు వీధిని నమ్మొద్దు. చదునుగా ఉన్న సూపర్ మార్కెట్ పార్కింగ్‌కి వెళ్లండి. ఇంజిన్ వేడెక్కాక ఆపి, ఐదు పది నిమిషాలు ఆగాలి. ఆయిలంతా కిందికి దిగనివ్వకుండా చూస్తే తక్కువే కనబడుతుంది. కడ్డీ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, మళ్లీ తీసి చూడండి. చాలా ఇంజిన్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య సుమారు ఒక లీటరు తేడా. తక్కువుంటే పావు లీటరు చొప్పున పోసుకుంటూ వెళ్లండి, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్‌కి ఫోక్స్‌వ్యాగన్ 507 00 ప్రమాణం ఉన్న ఆయిలే. పై గీత దాటిపోయి డీజిల్ వాసన వస్తుంటే మాత్రం కథ వేరు. అస్తమానం దగ్గర ప్రయాణాలే చేస్తే ఆయిల్లో డీజిల్ కలుస్తుంది, అప్పుడు ఆయిల్ మార్చాల్సిందే.

లెవెల్ సరిగ్గా ఉండి కూడా లైట్ పోలేదా? ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఈ బళ్లలో చాలావాటికి బానెట్ తెరిచారన్న సంగతి డాష్‌బోర్డ్ మీటర్‌కి తెలిస్తేనే హెచ్చరిక ఆరుతుంది. ఆయిల్ పోయకపోతే సుమారు 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ వెలుగుతుంది. బానెట్ తెరిచిన సంగతి మీటర్‌కి చెప్పేది బానెట్ లాక్‌లో ఉండే బుల్లి స్విచ్. అది దుమ్ము పట్టి పనిచేయకపోతే మీరు ఎంత ఆయిల్ పోసినా మీటర్ దృష్టిలో బానెట్ తెరవనట్టే. పరీక్ష తేలిక: బానెట్ తెరిచి కీ ఆన్ చేయండి. బానెట్ తెరిచుందన్న బొమ్మ ఉండే బండిలో అది రాకపోతే ముందు ఆ లాక్ సంగతి చూడండి.

స్కానర్ పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బండిలో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే చవక ఓబీడీ రీడర్ ఇంజిన్ కోడ్‌లే చదువుతుంది. ఈ సెన్సార్ తప్పు పాత బళ్లలో డాష్‌బోర్డ్ మీటర్‌లో, అంటే స్కానర్‌లో 17వ అడ్రస్‌లో, 00562 అని నమోదవుతుంది. దానికి వీసీడీఎస్ లాంటి, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బళ్ల కోసం చేసిన స్కానర్ కావాలి. స్కానర్ లేనివాళ్లకు ఒక చిట్కా: ఇదే సెన్సార్ ఆయిల్ వేడి కూడా కొలుస్తుంది. డిస్‌ప్లేలో ఆయిల్ ఉష్ణోగ్రత చూపించే బళ్లలో 50 డిగ్రీల దాకా అంకెల బదులు గీతలే కనబడటం మామూలే. అరగంట ఆటోబాన్ మీద నడిపాక కూడా గీతలే ఉంటే సెన్సారో, దాని వైరో అనుమానించండి.

ఇక బండి కిందికి. గంటల లెక్కన లిఫ్ట్ అద్దెకిచ్చే షెడ్లు ఇక్కడ పెద్ద ఊళ్లలో దొరుకుతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు. ఆయిల్ చాంబర్ అడుగున మూడు బోల్టులతో బిగించిన నల్ల ప్లాస్టిక్ ముక్కే సెన్సార్, దానికి మూడు వైర్ల కప్లర్. చలికాలంలో రోడ్లమీద చల్లే ఉప్పు నేరుగా దానిమీదికే ఎగురుతుంది. కప్లర్ ఊడదీసి టార్చ్ కొట్టి పిన్నులు చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, ఆరాక పెట్టి చూడండి. చాలాసార్లు రోగం అక్కడితో కుదురుతుంది. కప్లర్ లోపల ఆయిల్ ఊరి ఉంటే మాత్రం సెన్సార్ చిట్లినట్టే, ఇక ఆలోచించక్కర్లేదు.

పిన్నులు శుభ్రంగా ఉంటే మల్టీమీటర్ తీయండి. కప్లర్ ఊడదీసి, కీ ఆన్ చేసి, ప్లస్ వైరుకీ ఎర్త్‌కీ మధ్య బ్యాటరీ వోల్టేజీ వస్తోందా చూడాలి. నేను అక్కడే ఒక చిన్న 5 వాట్ల బల్బు కూడా వెలిగించి చూస్తాను. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా మల్టీమీటర్‌కి 12 వోల్టులు చూపించేస్తుంది, బల్బు మాత్రం మసకబారిపోతుంది. మూడో వైరు సిగ్నల్ వైరు. బ్యాటరీ విప్పి, డాష్‌బోర్డ్ మీటర్ దాకా అది తెగకుండా ఉందా, బాడీకి తగులుతోందా చూసుకోండి. చూసేటప్పుడు వైర్లు చేత్తో కదుపుతూ ఉండండి. ప్లస్ వస్తోంది, ఎర్త్ బాగుంది, సిగ్నల్ వైరు తెగలేదు, అయినా కోడ్ తిరిగి వస్తోందంటే అప్పుడు సెన్సార్ కొనండి.

మార్చాలంటే ఆయిలంతా దింపాలి కాబట్టి ఆయిల్ సర్వీసు రోజునే పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది. పాత ప్యాకింగ్ మళ్లీ వాడొద్దు. బోల్టులు 10 న్యూటన్ మీటర్లకే బిగించాలి. అల్యూమినియం చాంబర్‌లో బలం చూపిస్తే మరలు లేచిపోతాయి. దింపిన ఆయిల్‌ని కొత్త డబ్బా కొన్న షాపుకే రసీదుతో తీసుకెళ్తే, కొన్నంత మేరకు ఉచితంగా తీసుకుంటారు. అది ఇక్కడి చట్టం.

సర్వీసు దాకా ఆగాలనుకుంటే పసుపు లైటుతోనే నడపొచ్చు, డీజిల్ కొట్టించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూసుకుంటూ ఉంటే చాలు. డిప్‌స్టిక్కే లేని కొన్ని బీఎండబ్ల్యూలకు ఈ వెసులుబాటు లేదు. వాటిలో సెన్సార్ పోతే లెవెల్ తెలిసే దారి వేరే ఉండదు, వెంటనే చూపించండి.