ఫ్రీజర్ల వరుసలో మావాళ్లు జారిపడటం ఎలా ఆగింది: నా అనుభవం

కిరాణా స్టోర్‌లో ఫ్లోర్ చూసుకునే పని నాది. ఫ్రీజర్ల ముందు మావాళ్లు తరచూ జారిపడేవాళ్లు. చూస్తే నేల పొడిగానే ఉండేది. ఒకమ్మాయికి మణికట్టు విరిగి 6 వారాలు కట్టుతో ఉంది. అప్పటినుంచి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

హెచ్చరిక బోర్డులు, కొత్త మ్యాట్లు, కొత్త బూట్లు, ‘చూసి నడవండి’ అని చెప్పడం... ఏదీ పనిచేయలేదు.

ఒకరోజు కింద కూర్చుని తడిగుడ్డతో ఒక టైల్ రుద్దాను. గుడ్డ బూడిదరంగుకు తిరిగింది, వేళ్ల కింద నురగ వచ్చింది. రోజూ తుడిచే సబ్బునీళ్లే పొరలా పేరుకుపోయాయి. డోర్ తెరిచినప్పుడల్లా వచ్చే చెమ్మ దానికి కాస్త తగిలినా కాలు నిలవదు.

ఆ రాత్రి స్టోర్ మూశాక ముందు శుభ్రంగా ఊడ్చాం. క్లీనర్‌ని డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలిపాం. అంతకుముందు అందాజాగా పోసేవాళ్లం, అసలు తప్పు అక్కడే జరిగింది. నేలమీద పోసి, ఆరిపోకుండా చూస్తూ కొన్ని నిమిషాలు నాననిచ్చాం. గట్టి బ్రష్‌తో రుద్దాం, టైల్స్ సందుల్లో మరీ ఎక్కువగా. మురికినీళ్లు వైపర్‌తో లాగేసి, వేరే బకెట్‌లో పట్టిన మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, చివర్లో పొడి మాప్ వేశాం. మళ్లీ తడిగుడ్డతో రుద్ది చూస్తే నురగ రాలేదు.

4 నెలలైంది, అక్కడ ఎవరూ పడలేదు. మావి కాస్త గరుకు టైల్స్. నున్నగా అరిగిపోయిన నేలకు ఇదొక్కటే సరిపోతుందని మాత్రం చెప్పలేను. ఫ్రీజర్ కింద నీళ్లు కారుతుంటే ముందు అది బాగుచేయించండి.