జముకు మోత ఫోన్‌కు చిక్కాలంటే

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో జముకు అనే తోలు వాద్యం మోతతో పాడి చెప్పే కథలు జముకుల కథలు. విద్యార్థులు రికార్డు చేసుకొచ్చే వాటిలో చాలాసార్లు కథకుడి గొంతు వినిపిస్తుంది, జముకు వినిపించదు. ఉన్నా రేకుడబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది. ఫోన్‌లోని రికార్డర్ మాటల కోసం తయారైంది. మాట కాదనిపించిన ధ్వనిని, అందులోనూ ఆగకుండా సాగేదాన్ని, రొదగా లెక్కగట్టి నొక్కేస్తుంది. జముకులో తోలు నడుమ బిగించిన తీగను లాగి మీటుతారు. బిగువు మారేకొద్దీ శ్రుతి జారుతుంది, ఎక్కుతుంది. ఈ వాద్యానికి ప్రాణం ఆ జారుడే. ఫోన్ ముందు కోసేసేదీ దాన్నే.

అందుకే ఊరికి బయలుదేరక ముందే ఇంట్లో ఒక పరీక్ష చేయండి. టేబుల్ ఫ్యాన్ పక్కన ఫోన్ పెట్టి 20 సెకన్లు రికార్డు చేసి వినండి. రెండు మూడు సెకన్లకే ఫ్యాన్ చప్పుడు తగ్గిపోతే రొద తగ్గించే పని నడుస్తోందన్నమాట. తర్వాత ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి ఊరుకోండి. చప్పట్ల తర్వాత గది చప్పుడు నెమ్మదిగా పైకి లేస్తుంటే, ధ్వనిస్థాయిని ఫోన్ తనంతట తనే మారుస్తోంది. సెట్టింగుల్లో ఈ రెండింటినీ ఆపే వీలున్న యాప్ వెతుక్కోండి. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు ఏ మార్పూ చేయని మైకు ధ్వనిని అడిగే సౌకర్యం ఉంది, కానీ ప్రతి ఫోనూ దాన్ని ఇవ్వదు. ఇవ్వకపోతే వేరే ఫోన్ అడిగి తీసుకెళ్లడమే మేలు.

ఫైలు ధ్వనిని కుదించని వేవ్ (WAV) రూపంలో, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో పెట్టండి. ఒక్క మైకు అయితే గంటకు సుమారు 346 ఎంబీ అవుతుంది, స్టీరియో అయితే దానికి రెట్టింపు. రాత్రంతా సాగే కథకు ముందే చోటు ఖాళీ చేసుకోండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో ఫోన్ వస్తే కొన్ని యాప్‌లలో రికార్డింగు అక్కడే ఆగిపోతుంది.

మైకుసెట్టు హారన్ ఎదురుగా మాత్రం పెట్టకండి. అందులోంచి మంద్రం రాదు. వీలైతే బృందానికి తగిన సంభావన ఇచ్చి, మర్నాడు పొద్దున్న మైకు లేకుండా ఒక గంట అడగండి. కాంక్రీటు కల్యాణమండపం వద్దు, గోడల ప్రతిధ్వని మాటను మింగేస్తుంది. చెట్టు కింద బాగుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయితే మైకు రంధ్రం మీద పలచటి స్పాంజి కట్టాలి. గాలి నేరుగా తగిలితే వచ్చే గుబగుబ తర్వాత పూర్తిగా తీయడం కుదరదు.

ఫోన్ అడుగుభాగం కథకుడి వైపు తిప్పి, ఛాతీ ఎత్తులో, ఒక మీటరు దూరంలో స్టాండు మీద నిలపండి. జముకు తెరిచిన మూతికి సూటిగా పెట్టకుండా కొంచెం పక్కకు ఉంచండి. కథలో బాగా హోరెత్తే చోటును 30 సెకన్లు పాడించి చూడండి. యాప్‌లో ధ్వనిస్థాయి చూపే ముల్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఆడాలి. సున్నా తాకితే తరంగం తల తెగుతుంది, తెగినది తిరిగి రాదు. స్థాయి తగ్గించే వీలు యాప్‌లో లేకపోతే దూరం రెట్టింపు చేయండి, ఆరుబయట దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతుంది.

కథ మొత్తం చేతికొచ్చిందని అక్కడితో లేచి రావద్దు. రేపు నేర్చుకునే పిల్లలకు అక్కరకొచ్చేది ఆ తర్వాతి పది నిమిషాలు. జముకు ఒక్కటే వాయించమనండి: తీగ వదులుగా, తర్వాత బిగించి, లాగుతూ వదులుతూ. అదే వరసను ముందు నిదానంగా, తర్వాత మామూలు వేగంలో, చివర పాటతో కలిపి. ఏ దెబ్బను ఏమంటారో వాయించే వారి నోటితోనే చెప్పించండి, పుస్తకాల పేర్లు మీరు అందించకండి. గజ్జెలు కట్టి తప్పెటలు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ల బృందమైతే ఒక్కసారి గజ్జెలు విప్పించి వాయింపు మాత్రం తీసుకోండి, లేకపోతే గజ్జెల కింద చేతిదెబ్బ దాగిపోతుంది.

రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, మండలం చెప్పించి అనుమతి కూడా గొంతులోనే తీసుకోండి. చదువుకా, ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టడానికా అన్నది విడివిడిగా అడగాలి. అందరికీ ఉచితంగా ఫైళ్లు అందించే వికీమీడియా కామన్స్ వెబ్‌సైటులో పెడితే ఎవరైనా వ్యాపారానికి సైతం వాడుకోవచ్చు, ఆ అనుమతి ఒకసారి ఇచ్చాక వెనక్కి రాదు. ఈ సంగతి కళాకారుడికి అర్థమయ్యేదాకా చెప్పాలి.

రికార్డు విని కథను అక్షరాల్లో రాసేటప్పుడు యూనికోడ్‌లోనే రాయండి. పాత డీటీపీ ఫాంట్లలో రాసింది రేపు వెతికితే దొరకదు. మాటను మాత్రం అస్సలు దిద్దకండి. ‘ఏటి’లో మూడు మాత్రలు, ‘ఏమిటి’లో నాలుగు. అలా దిద్దితే తాళం తప్పుతుంది. ‘ఎల్లిపోనాడు’ను ‘వెళ్లిపోయాడు’ చేస్తే మాత్రలు మారకపోయినా యాస పోతుంది. ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పంక్తినీ ధ్వనితో జతచేయవచ్చు. రాశాక బృందానికి చదివి వినిపించండి, దేవతల పేర్లు, ఊళ్ల పేర్లు మొదటిసారి తప్పుగా వినడం మామూలే.

మూల ఫైలును కోయకండి, శుభ్రం చేయాల్సింది నకలునే. మూడు ప్రతులు ఉంచండి, అందులో ఒకటి జిల్లా బయట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, ఒకే ఇంట్లో రెండు డిస్కులుంటే అవి రెండూ ఒకేసారి తడుస్తాయి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, ఆడియోగా వెళితే నాణ్యత తగ్గవచ్చు. బృందానికి మాత్రం 192 కేబీపీఎస్ ఎంపీ3 చేసి మెమరీ కార్డులో ఇవ్వండి. గంటకు 86 ఎంబీ, వాళ్ల ఫోన్లలో హాయిగా పడుతుంది.