ఆగకుండా 1500 మీటర్లు ఈదాలంటే
ఒలింపిక్ దూరపు ట్రయథ్లాన్‌లో 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు కంటే ముందు వచ్చే 1500 మీటర్ల ఈతను, అంటే 50 మీటర్ల కొలనులో 30 ల్యాపులను, ఆగకుండా పూర్తిచేయడమే చాలామందికి తొలి మైలురాయి. మధ్యలో ఆయాసం రావడానికి తరచుగా కారణం బలం చాలకపోవడం కాదు, ముఖం నీటిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పిన ఆ ఒక్క క్షణంలోనే గాలి వదలడమూ పీల్చడమూ రెండూ చేయబోవడం. కాబట్టి ముఖం నీటిలో ఉండగానే ముక్కుతో బుడగలను సన్నగా, తెంపు లేకుండా వదిలేసి, పక్కకు తిరిగినప్పుడు పీల్చడం మాత్రమే చేయండి. నా దృష్టిలో వేగం కంటే ముందు అలవడవలసింది ఇదే. ఒక కన్ను నీటిలోనే ఉండేటంతగా తల తిప్పితే నడుము కుంగదు. మొదటి 200 మీటర్లను మరీ నెమ్మదిగా ఉందనిపించే వేగంతోనే ఈదండి.