పిల్లల డ్రై సిరప్ కలపడం ఎలా? మొదటి మోతాదూ చివరి మోతాదూ ఒకేలా ఉండాలంటే

అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన పిల్లల యాంటీబయాటిక్ మందు సీసాలో పొడిగా వస్తుంది. నీళ్లు తగిలినప్పటి నుంచీ ఇది నెమ్మదిగా పాడవడం మొదలవుతుంది, రెండింట్లో క్లావులనేట్ ముందు దెబ్బతింటుంది. అందుకే నీళ్లు కలిపే పని ఇంట్లోవాళ్లకు మిగిలింది. అందులో తేడా వస్తే డాక్టరు రాసిన మోతాదు బిడ్డకు అందదు.

మూత తీయకముందే సీసాను అటూఇటూ వంచి, అరచేతికేసి తట్టండి. అడుగున బిగుసుకున్న పొడి గలగలా కదలాలి. పెట్టెలో స్టెరైల్ వాటర్ ఇచ్చి ఉంటే అదే వాడండి, లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు. గోరువెచ్చని నీళ్లు వద్దు, వేడికి మందు ఇంకా త్వరగా పాడవుతుంది.

కావలసిన నీళ్లలో ముందు మూడింట రెండు వంతులే పోసి, వెంటనే మూత బిగించి గట్టిగా కుదపండి. మొత్తం ఒకేసారి పోస్తే కుదపడానికి సీసాలో చోటుండదు. పైగా పొడిలో చిక్కదనం కోసం జాంతాన్ గమ్ లాంటి జిగురు ఉంటుంది. ముద్ద పైపొర తడిసి జిగురుగా మూసుకుపోతే లోపలి పొడి పొడిగానే మిగిలిపోతుంది. సీసాను తలకిందులు చేసి, అడుగున ఏమీ అంటుకోలేదని చూసుకోండి.

ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. నురుగు తగ్గాక సీసాను బల్లమీద నిలబెట్టి, సీసా మీది గీతను కంటి ఎత్తులో చూస్తూ అక్కడి వరకూ నీళ్లు పోసి మళ్లీ కుదపండి. మట్టం తగ్గితే ఇంకాస్త పోయండి. నురుగును లెక్కలోకి తీసుకోకండి. ఎక్కువమంది పొరబడేది ఈ గీత దగ్గరే. 5 మి.లీ.లో 200 మి.గ్రా. అమాక్సిసిలిన్ ఉండాల్సిన 30 మి.లీ. సీసాను 36 మి.లీ. దాకా నింపితే, అదే 5 మి.లీ.లో దాదాపు 167 మి.గ్రా. మాత్రమే ఉంటుంది. 30 మి.లీ. నీళ్లు విడిగా కొలిచి పోసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే పొడి కూడా కొంత చోటు తీసుకుంటుంది.

ఈ మందు మామూలు సిరప్‌లా పూర్తిగా కరిగిపోదు, కొంత సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. నిలకడగా ఉంచితే రేణువులు కిందికి దిగుతాయి. త్వరగా దిగే మందు నాసిరకమని అనుకోకండి. రేణువులు వదులుగా గుంపుకట్టి దిగితే నాలుగు కుదుపులకే మళ్లీ కలుస్తాయి. ఒక్కొక్కటిగా, నిదానంగా దిగినవే ఒకదానిమీద ఒకటి సర్దుకుని గట్టి అట్టలా పేరుకుంటాయి, అది ఎంత ఊపినా లేవదు. కుదపకుండా పోస్తే మొదటి రోజుల్లో మందు పలచగా, చివరి రోజుల్లో చిక్కగా అందుతుంది. ప్రతి మోతాదుకూ ముందు బాగా కుదిపి, రేణువులు దిగకముందే కొలవండి. కొలతకు మందుతో వచ్చిన కప్పు గానీ నోటి సిరంజీ గానీ వాడండి, వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు.

కలిపిన ఈ మందును 2–8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి. తలుపు అరలో వేడి మారుతూ ఉంటుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి: మంచు గడ్డకట్టేటప్పుడు రేణువులు ఒకదానికొకటి నొక్కుకుని, కరిగాక గరుకు ముద్దలుగా మిగులుతాయి. మన దగ్గర చాలా సీసాల మీద గడువు 7 రోజులని ఉంటుంది, కలిపిన తేదీ లేబుల్ మీదే రాయండి. అన్ని డ్రై సిరప్‌లకూ ఫ్రిజ్ పనికిరాదు. క్లారిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను బయటే ఉంచాలి. కాబట్టి లేబుల్ చదవకుండా ఏదీ ఫ్రిజ్‌లో పెట్టకండి. రంగు ముదిరినా, కుదిపినా ముద్దలు విడకపోయినా ఆ సీసా వాడకండి.

రోజుకు రెండుసార్లు 5 మి.లీ. చొప్పున ఐదు రోజులంటే 50 మి.లీ., అంటే 30 మి.లీ. సీసాలు రెండు కావాలి. రెండోదాన్ని మొదటిది అయిపోయాకే కలపండి.